మనల్ని వదలని కేసులు, మనం వదిలేసిన కేసులు

(హైదరాబాదులో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగానికి రికార్డింగు నుంచి తీసిన పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం.)

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, వానలో ట్రాఫిక్ దాటుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. తేలని నేరాలు, ఆచూకీ దొరకని మనుషులు అన్నది ఈరోజు నాకిచ్చిన అంశం. వీటిలో కొన్ని మాత్రమే మన మనసులో ఎందుకు నిలిచిపోతాయి, తక్కినవి ఎందుకు నిలవవు? నేను చాలా ఏళ్లు ఒక దినపత్రికలో జిల్లా పేజీల పని చూశాను. ఆ పేజీల అడుగున, వార్తకూ ప్రకటనకూ మధ్య మిగిలిన జాగాలో, "మహిళ అదృశ్యం", "యువకుడి అదృశ్యం", "విద్యార్థిని మిస్సింగ్" అంటూ నాలుగేసి వాక్యాల వార్తలు దాదాపు రోజూ వస్తాయి. ఈ ఉదయం మీరందరూ పేపరు చదివే ఉంటారు. అందులో అలాంటి వార్త ఉందా, ఉంటే ఆ మనిషి పేరేమిటి అని అడిగితే మనలో ఎందరం చెప్పగలం? అదే 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినికి ఏం జరిగిందో అడిగితే, ముప్పై అయిదేళ్లు దాటిన వారిలో చెప్పలేని వారు ఉండరు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

మనస్తత్వశాస్త్రం దీనికి కొంత జవాబు చెబుతుంది, ఆ జవాబు మీకు చెబుతాను. అయితే నా ఆందోళన అక్కడితో ఆగదు. మన మనసు ఏ కేసును పట్టుకుంటుందో వ్యవస్థ కూడా చాలావరకు ఆ కేసునే పట్టుకుంటుంది. మనకు గుర్తుండని మనిషి కోసం వెతికేవారు తగ్గిపోతారు. అందుకే మనం దేనికి చలిస్తాం, దేనికి చలించం అన్నది మన ఇంటి గోడల మధ్య ఉండిపోయే విషయం కాదని నేను అనుకుంటున్నాను.

ముందుగా మనమందరం కలిసి అనుభవించిన ఒక రోజును గుర్తు చేస్తాను. 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కార్యక్రమం కోసం బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. మర్నాడు ఉదయం నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించేదాకా, ఒక పగలూ ఒక రాత్రీ, ఆయనను అభిమానించినవారూ వ్యతిరేకించినవారూ కూడా టీవీల ముందు నుంచి లేవలేదు. క్షేమంగా దిగారట, రోడ్డు మీద వస్తున్నారట అని ఎవరో అనడం, కాసేపటికి అది నిజం కాదని తెలియడం, మళ్లీ ఇంకెవరో ఇంకేదో చెప్పడం, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెలికాప్టర్‌లో ఉన్న అయిదుగురూ చనిపోయారని తెలిశాక మనకు దుఃఖం వచ్చింది. అంతకుముందు గడిపిన ఆ ఇరవై నాలుగు గంటలను ఏమనాలి? ఏడవడానికి లేదు, ఏడవకుండా ఉండడానికీ లేదు. కంచం ముందు కూర్చుంటే తినడం తప్పేమో అనిపించింది. వెనక కూర్చున్న విద్యార్థులు అప్పటికి చాలా చిన్నవాళ్లు, మీరు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఆ ఒక్క రోజును మనసులో ఉంచుకోండి. కొన్ని కుటుంబాలు పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా ఆ రోజులోనే ఉన్నాయి.

ముగింపు లేనిది మనసును వదలదు అన్న మాట కొత్తదేమీ కాదు. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు, పూర్తిచేసిన పనుల కంటే మధ్యలో ఆపేసిన పనులు మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని ప్రయోగాలతో చూపించారు. తర్వాత చేసిన పరీక్షల్లో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదన్న మాట కూడా చెప్పాలి. అయినా మన అనుభవం దానికి దగ్గరగానే ఉంటుంది. 1945 ఆగస్టు 18న తైపేలో జరిగిన విమాన ప్రమాదంలో సుభాష్ చంద్ర బోస్ మరణించారన్నది అధికారిక కథనం. అయినా 1956లో షానవాజ్ కమిటీ, 1970లో ఖోస్లా కమిషన్, 1999లో ముఖర్జీ కమిషన్ వేయవలసి వచ్చింది. మొదటి రెండూ ప్రమాదాన్ని ఒప్పుకున్నాయి, మూడోది ఒప్పుకోలేదు, ఆ మూడోదాని నిర్ణయాన్ని ప్రభుత్వం ఒప్పుకోలేదు. జనం తమ కళ్లతో పార్థివదేహాన్ని చూడలేదు, అందుకే ఏ నివేదికా వారికి ఆఖరి మాట కాలేకపోయింది. 2014 మార్చి 8న అర్ధరాత్రి దాటాక కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరిన ఎంహెచ్ 370 విమానం సంగతీ అంతే. 239 మంది. మరుసటి సంవత్సరం రీయూనియన్ దీవి ఒడ్డుకు రెక్క భాగం ఒకటి కొట్టుకొచ్చింది. 2018 జులైలో ఇచ్చిన నివేదిక, విమానం ఎందుకు దారి మళ్లిందో తేల్చి చెప్పలేకపోయింది. ప్రమాదాలు ఎన్నో జరిగాయి, వాటిని మరిచిపోయాం. దీన్ని మాత్రం మరవలేకపోతున్నాం.

అయితే దూరంగా ఉన్న మనకు కలిగే కుతూహలమూ ఆ ఇంటివాళ్లు పడే బాధా ఒకటి కావు. ఇక్కడ కొంచెం నిదానంగా వెళదాం.

అమెరికాలో పాలీన్ బాస్ అనే ఆచార్యురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలను దగ్గరగా చూశారు. మనిషి లేడు, కానీ పోయాడని చెప్పేవారూ లేరు. ఇలాంటి నష్టం మిగతా నష్టాల వంటిది కాదని, ఇందులో దుఃఖం మొదలవడానికే వీల్లేక గడ్డకట్టుకుపోతుందని ఆమె రాశారు. ఆమె చెప్పిన దాంట్లో నాకు చాలా విలువైనదిగా తోచిన మాట ఇంకొకటి ఉంది. ఆ ఇంటివాళ్లు కుదుటపడకపోతే లోపం వాళ్ల మనసులో లేదు, వాళ్లకు వచ్చిపడిన పరిస్థితిలోనే ఉంది. "ఇంకెన్నాళ్లు తలుచుకుంటావమ్మా, మరిచిపో" అని మనం ఎంత సులువుగా అనేస్తాం! చనిపోయినవాళ్లనైతే పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికం, సంవత్సరీకం అంటూ మెల్లమెల్లగా సాగనంపడానికి మనకు ఒక దారి ఉంది. తప్పిపోయినవాళ్లను ఏ రోజున సాగనంపాలి?

మన పూర్వులకు ఈ బాధ తెలుసు. పన్నెండేళ్లు ఎదురుచూసి, అప్పటికీ మనిషి రాకపోతే దర్భలతో ఆకారం చేసి దహనం చేసి కర్మ జరిపించే ఆచారం మన దగ్గర ఉంది. చట్టం ఏడేళ్లంటుంది. మనిషి బతికి ఉంటే ఎవరికి కబురు అందవలసి ఉందో వాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ అందకపోతే చనిపోయినట్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది, 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం కొనసాగింది. ఈ ఏడేళ్లూ ఇల్లు ఎలా గడుస్తుంది? బీమా డబ్బుకైనా, బ్యాంకు ఖాతాకైనా, భర్త పేరు మీద ఉన్న ఎకరం భూమికైనా, ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఎఫ్ఐఆర్ కాగితం అడుగుతారు. ఆ తర్వాత ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదని పోలీసులు రాసిచ్చిన కాగితం అడుగుతారు. అసలు ఎఫ్ఐఆరే రాయకపోతే?

సిరిసిల్ల వైపు ఒక ఊళ్లో ఒక ఇల్లాలిని చూశాను. భర్త గల్ఫ్‌కు వెళ్లాడు, కొన్నాళ్లు డబ్బు పంపాడు, ఫోన్ చేశాడు, తర్వాత ఏమీ లేదు. పిల్లలు ఆమెకు స్మార్ట్‌ఫోన్ కొనిపెట్టారు. ఆమె దాన్ని వాడుతుంది, కానీ పాత బటన్ ఫోన్‌ను కూడా గూట్లో దేవుడి పటం పక్కన చార్జింగ్‌కు పెట్టి ఉంచుతుంది. దానిలోని సిమ్‌కు గడువు తప్పకుండా రీఛార్జి చేయిస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ఆయనకు నోటికొచ్చిన నంబరు గదొక్కటే సార్" అంది. నుదుట బొట్టు ఉంది. దాని గురించి ఊళ్లో ఎవరేమనుకుంటున్నారో కూడా ఆమెకు తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి, ఎటు వెళ్లినా ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. వీళ్ల మీద టీవీలో చర్చలు జరగవు. వీళ్ల కథలో మిస్టరీ ఉన్నట్టు మనకు అనిపించదు. ఎందుకు అనిపించదు? భర్త ఏమయ్యాడన్నది ఆమెకు తెలియదు, ఎవరికీ తెలియదు. మిస్టరీ అంటే అదే కదా?

ఇప్పుడు ఇబ్రహీంపట్నం కేసుకు వస్తాను. ఆ అమ్మాయి పేరు నేను ఈ వేదిక మీద పలకను, అటువంటి నేరానికి గురైన వారి గుర్తింపును బయటపెట్టకూడదన్న చట్టం ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. పదిహేడేళ్ల ఫార్మసీ విద్యార్థిని, 2007 డిసెంబరు 27 తెల్లవారేసరికి తానుంటున్న హాస్టల్లోనే హత్యకు గురై కనిపించింది. ఈ కేసు తెలుగువాళ్లను ఇంతగా ఎందుకు కలచివేసింది? అది మన ఇంటి కేసు అనిపించింది కనుక. ఆ సంవత్సరాల్లో కూతుర్ని బకెట్టు, పరుపు, రేకు పెట్టెతో సహా విజయవాడలోనో, ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో హాస్టల్లో దించి, గేటు దగ్గర వాచ్‌మన్‌కు పాతిక రూపాయలిచ్చి "అమ్మాయిని కాస్త చూసుకో బాబూ" అని చెప్పి బస్సెక్కిన తల్లిదండ్రులు లక్షల్లో ఉన్నారు. చుట్టూ తోటి పిల్లలు నిద్రపోతున్న గది నుంచి ప్రమాదం వచ్చిందంటే ఇక భద్రమైన చోటు ఏది? మనం సురక్షితమనుకున్న చోటును కూల్చే నేరం మనల్ని ఎక్కువగా భయపెడుతుంది. నేనూ అక్కడ ఉండవచ్చు, నా బిడ్డ ఉండవచ్చు అనిపించిన క్షణంలో ఆ కేసు మన సొంతమవుతుంది.

తర్వాత జరిగింది కూడా మనం చూడాలి. ఒత్తిడి పెరిగింది, దోషి ఎక్కడని ఊరూవాడా అడిగింది. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లే అతను దోషి కాదని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. దయచేసి ఈ మాటను గుర్తుంచుకోండి. దేశమంతా ఎవరో ఒకరిని చూపించమంటున్నప్పుడు, కడుపుకోతతో ఉన్న ఆ తల్లి మాత్రం ఎవరో ఒకరు చాలరని అన్నది. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది, 2019 డిసెంబరులో సమాధి తవ్వి అవశేషాలకు మళ్లీ పరీక్షలు చేశారు. మన కోపమే ఒక్కొక్కసారి దర్యాప్తును తొందరపెట్టి దారి తప్పిస్తుంది. పోలీసుల మీద ఒత్తిడి ఉండాలా వద్దా అంటే ఉండాలనే అంటాను. కానీ అది నిజం కోసం ఉండాలి, అరెస్టు కోసం ఉంటే ఇదే జరుగుతుంది.

ఇక ముఖం సంగతి. 1968లో థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త ఒక మాట రాశారు. ఫలానా ఆరేళ్ల పాపకు ఆపరేషన్ చేయడానికి డబ్బు కావాలంటే జనం చిల్లర డబ్బులు కుప్పలుగా పంపుతారు, అదే అమ్మకపు పన్ను లేకపోతే ఆసుపత్రులు పాడై, ఆపగలిగే మరణాలు కొద్దిగా పెరుగుతాయంటే కంటతడి పెట్టేవారు ఎక్కువమంది ఉండరు అని. తర్వాత చేసిన పరిశోధనలూ దీన్నే చూపించాయి. ఒక్క పాప కథ చెబితే వచ్చినంత సాయం, లక్షల మంది లెక్క చెబితే రాదు. ముఖమూ, పేరూ, ఒక చిన్న వివరమూ ఉంటే మనసు కదులుతుంది. అవి లేకపోతే? 1989లో కలకత్తాలో రాత్రిపూట పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్నవాళ్లను తల మీద బండరాయి వేసి ఎవరో వరసగా చంపారు. పదిమందికి పైగా చనిపోయారు, హంతకుడు ఎవరో ఇప్పటికీ తేలలేదు. పత్రికలు అతనికి "స్టోన్‌మన్" అని పేరు పెట్టాయి, ఆ పేరు నిలిచిపోయింది. చనిపోయినవాళ్లలో చాలామంది ఎవరో, ఏ ఊరివారో తెలియనే తెలియదు. అంతకు వందేళ్ల ముందు, 1888లో, లండన్ వైట్‌చాపెల్‌లో ఆడవాళ్లను చంపినవాడికి కూడా "జాక్ ది రిప్పర్" అన్న పేరు ఒక వార్తా సంస్థకు అందిన ఉత్తరం నుంచి వచ్చింది. ఆ ఉత్తరం ఎవరో విలేకరి కల్పించినదేనని చాలామంది నమ్ముతారు. నూట ముప్పై ఏళ్లు దాటినా హంతకుడి మారుపేరు లోకానికి నోటికి వచ్చు. చనిపోయిన ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరు ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

కానీ ముఖం చూపించినంత మాత్రాన అన్ని ముఖాలూ ఒక్కలాగే కదిలించవు. అమెరికాలో గ్వెన్ ఐఫిల్ అనే నల్లజాతి పాత్రికేయురాలు 2004లో ఈ మాటను సూటిగా అన్నారు. తెల్లజాతి యువతి తప్పిపోతే రోజూ వార్త వేస్తారు, మిగతావాళ్లు తప్పిపోతే వేయరు అని. మనకు 2019 నవంబరు ఉంది. ఆ నెల 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ వెటర్నరీ డాక్టరు మీద జరిగిన ఘోరానికి దేశం అట్టుడికిపోయింది. సరిగ్గా మూడు రోజుల ముందు, 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్న వ్యాపారం చేసుకునే ఒక దళిత మహిళను అలాగే అత్యాచారం చేసి చంపారు. మొదటిది హైవే మీద, టోల్ ప్లాజా పక్కన, మనం కార్లలో తిరిగే దారిలో జరిగింది. రెండోది మనం వెళ్లని పొదల దారిలో జరిగింది. దళిత సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కి, మా బిడ్డ బిడ్డ కాదా అని అడిగిన తర్వాతనే ఈ రెండో కేసు హైదరాబాదు స్టూడియోల దాకా వచ్చింది. ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే కేసు మాత్రం హాజీపూర్. ఇక్కడికి ఎంతో దూరం లేదు, యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్‌లో బడికి వెళ్లి తిరిగివస్తున్న పద్నాలుగేళ్ల అమ్మాయి కనిపించకుండా పోయింది. ఊరికి సరైన బస్సు లేదు, ఎవరో ఒకరి బండి ఎక్కక తప్పని దారి. వెతుకుతూ వెళ్లినవాళ్లకు ఒక పాడుబడ్డ బావిలో ఆ బిడ్డ శవం దొరికింది. ఆ తవ్వకంలోనే, కిందటి నెల నుంచి కనిపించని ఇంకో అమ్మాయి అవశేషాలు బయటపడ్డాయి. ఆ తర్వాత మరో బావిలో, 2015లో తప్పిపోయిన పదకొండేళ్ల పాప ఎముకలు దొరికాయి. నాలుగేళ్లు! నాలుగేళ్లపాటు ఆ పాప మన దృష్టిలో ఒక మిస్సింగ్ కేసు మాత్రమే. మూడో బిడ్డ చనిపోతే తప్ప మొదటి బిడ్డ కనిపించలేదు. 2020 ఫిబ్రవరిలో నిందితుడికి మరణశిక్ష పడింది, వార్తలు వచ్చాయి, మనం తృప్తిపడ్డాం. నా ప్రశ్న 2015 గురించి. ఆ రోజున, ఆ పాప తప్పిపోయిన వారంలో, రాష్ట్రం మొత్తం ఆ ఊరివైపు చూసి ఉంటే ఏమయ్యేది?

నోయిడా పక్కన నిఠారీలో కూడా ఇదే వరస. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనక మురుగు కాలువలో అవశేషాలు బయటపడేదాకా, రెండేళ్ల పాటు అక్కడి కూలీల పిల్లలు ఒక్కొక్కరే తప్పిపోతున్నారు. తల్లిదండ్రులు ఠాణాకు వెళితే, ఎక్కడికో పారిపోయి ఉంటారని తిప్పి పంపారు. చివరికి 2023 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు, దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపడుతూ నిందితులను చాలా కేసుల్లో నిర్దోషులని తేల్చింది. మొదట్లో వదిలేసిన జాగ్రత్త తర్వాత ఎంత హడావుడి చేసినా తిరిగి రాదు. పేదవాళ్ల పిల్లాడైతే పారిపోయాడంటారు, పెళ్లీడు ఆడపిల్లయితే ఎవరితోనో వెళ్లిపోయిందంటారు. "పరువు పోతుంది, కొన్నాళ్లు చూద్దాం" అని ఇంటివాళ్లే ఊరుకునే సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి మాటలు ఎన్ని కేసులను మొదటి రోజే మూసేశాయో ఎవరు లెక్క కడతారు?

చివరగా నేను జిల్లా పేజీల్లో చూసిన ఒక సంగతి చెబుతాను. అదృశ్యం వార్తల పక్కనే ఇంకో రకం చిన్న వార్త వస్తుంది. "రైలు పట్టాలపై గుర్తుతెలియని వ్యక్తి మృతదేహం. వయసు నలభై అయిదు నుంచి యాభై, చామనచాయ, నీలిరంగు గళ్ల చొక్కా, కుడి ముంజేతిపై పచ్చబొట్టు." పచ్చబొట్టు ఏమిటో రాయరు. అమ్మ పేరా, హనుమంతుడి బొమ్మా, భార్య పేరా? తప్పిపోయిన మనిషి కేసు ఒక స్టేషన్ రిజిస్టర్లో ఉంటుంది. అతని శవం మీద అనుమానాస్పద మృతి కేసు, ఒకప్పుడు 174 సెక్షన్ అనేవారు, ఇప్పుడు కొత్త చట్టంలో 194, ఇంకో స్టేషన్‌లోనో రైల్వే పోలీసుల దగ్గరో ఉంటుంది. మార్చురీలో కొన్ని రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే అంత్యక్రియలు చేసేస్తారు. అక్కడ అతని ఇల్లాలు పన్నెండేళ్లు ఎదురుచూస్తూనే ఉంటుంది. స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్ఎస్ వ్యవస్థ వచ్చింది, ముఖాలను పోల్చే సాంకేతికత కూడా వచ్చింది. కానీ యంత్రం పోల్చాలంటే ముందు ఒక మనిషి ఆ పచ్చబొట్టును చూసి, చదివి, అక్షరం అక్షరం రాయాలి. మనం తేలని కేసులు అనుకునే వాటిలో కొన్నింటికి కావలసినది ఈ ఒక్క పనే.

అందుకే ఇక్కడ ఉన్న యువతీయువకులకు, ముఖ్యంగా బస్తీల్లోనూ పల్లెల్లోనూ పనిచేస్తున్నవారికి నా విన్నపం. మనిషి కనిపించకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు తప్పిపోతే తప్పనిసరిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మా పరిధి కాదని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్, అడగండి. ఈ పరిధుల తకరారులో ఎంత విలువైన సమయం పోతుందో శంషాబాద్ రాత్రి చూశాం, ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. ఫిర్యాదులో ఈమధ్య తీసిన ఫొటో, వేసుకున్న బట్టలు, పుట్టుమచ్చలు, పచ్చబొట్టు ఉంటే అది అక్షరాలతో సహా, పాత ఎముక విరుగుళ్లు, కట్టించుకున్న పన్ను, ఫోన్ నంబరు, అన్నీ రాయించండి. చదవడం రానివాళ్లతో మీరు వెళ్లి కూర్చోండి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి. దాన్ని తీసుకోకుండా స్టేషన్ నుంచి బయటికి రాకండి.